సమ్మె శిబిరానికి మెగాఫోన్ కొనిస్తున్నారా? వాట్ల అంకె నమ్మకండి

సమ్మెలో ఉన్నవాళ్లకి ఏదో ఒక సాయం చేద్దామనుకునే మద్దతుదారులు మంచినీళ్లతో పాటు తరచుగా పట్టుకొచ్చేది మెగాఫోన్. ఉద్దేశం మంచిదే. కానీ అలా వచ్చిన వాటిలో చాలా భాగం కొన్నాళ్లకే టెంటు మూలకు చేరతాయి. ఒకదాంట్లో సెల్లు అయిపోయి ఉంటాయి. ఇంకోదాంట్లో సైరన్ బ్రహ్మాండంగా మోగుతుంది, మాట మాత్రం అర్థం కాదు. మరోదాని మైకు తీగ మొదట్లోనే తెగి ఉంటుంది. కొన్నవాళ్లు డబ్బా మీద రాసిన వాట్లు, ‘వెయ్యి మీటర్ల దూరం వినిపిస్తుంది’ అన్న ముక్క చూసి కొన్నారు. గేటు ముందు పనికొచ్చే లక్షణాలేవీ ఆ డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండవు.

బజారులో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. ఒకటి, ఏఏ సైజు పెన్సిల్ సెల్లు ఆరు వేసుకుని, ఒంటిచేత్తో పట్టుకునే చిన్నది. రెండోది పిస్తోలు పిడి ఉన్న మధ్యరకం, లావాటి సి సైజు సెల్లు పడతాయి. మూడోది భుజానికి తగిలించుకునేది, దీని చేతి మైకు చుట్టల తీగతో విడిగా వస్తుంది. ఫ్యాక్టరీ, గోదాము, డిపో గేటు దగ్గర సమ్మె అయితే అసలు వాటేజీ 15 దరిదాపుల్లో ఉన్న భుజం రకమే కొనండి. సమ్మె ఒక చిన్న దుకాణం ముందైతే చిన్నది చాలు. పిడి ఉన్న మధ్యరకం చూడ్డానికి సినిమాల్లో మెగాఫోన్‌లా ఉంటుంది, ఫోటోల్లో బాగా పడుతుంది. గంటల తరబడి పట్టుకోవాల్సిన మనిషికి మాత్రం అది శిక్ష. సెల్లతో కలిపి కిలోన్నర పైచిలుకు బరువును నోటి ఎత్తులో నిలిపి ఉంచాలి. చెయ్యి నొప్పెట్టి కిందికి జారిందంటే హారన్, అంటే ముందున్న గరాటు, నేలకేసి మాట్లాడుతుంది.

సమ్మె ఎక్కడ జరుగుతోందన్నది ముందు ఎందుకు చూడాలంటే, ఇటీవల పుంజుకున్న కార్మికోద్యమంలో పని చోట్ల కొలతలే మారిపోయాయి. 2021 డిసెంబరులో అమెరికాలోని బఫలో నగరంలో ఎల్మ్‌వుడ్ స్టార్‌బక్స్ కాఫీ దుకాణం సిబ్బంది యూనియన్ కావాలని ఓటేశారు. లెక్క 19కి 8. ఓటేసినవాళ్లు ముప్పైమంది కూడా లేరు. అలాంటి చోట పికెట్ (పని చోటు ముందు సమ్మెకారుల కాపు) అంటే కాలిబాట మీద పదిహేను, ఇరవై మంది, ఎదురుగా ఒక గాజు తలుపు. ఆ తర్వాత నాలుగు నెలలకే, 2022 ఏప్రిల్ 1న, న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని అమెజాన్ గోదాము జేఎఫ్‌కే8లో ఓట్లు లెక్కిస్తే యూనియన్‌కు 2,654, వ్యతిరేకంగా 2,131 వచ్చాయి. అక్కడ షిఫ్టు మారే వేళ గేటు దగ్గర మాట్లాడాలంటే బస్సుల రొద, లారీల రొద దాటి వందల మందికి వినపడాలి. రెంటికీ ఒకే మెగాఫోన్ ఎలా సరిపోతుంది? గాజు తలుపు ముందు పెద్దది వాడితే ఇరుగుపొరుగు దుకాణాలవాళ్లు మొదటి రోజే విసుక్కుంటారు. పొరుగువాళ్ల సానుభూతి పోగొట్టుకోవడం చిన్న సమ్మెకి చాలా పెద్ద నష్టం.

ఇక వాట్ల సంగతి. డబ్బా మీద పెద్దగా వేసేది గరిష్ఠ వాటేజీ, అంటే క్షణకాలం లాగగలిగేది. మాట్లాడుతున్నంతసేపూ నికరంగా ఇచ్చేది రేటెడ్ వాటేజీ, పైన అసలు వాటేజీ అన్నది దీన్నే. పద్ధతిగల కంపెనీలు రెండూ చెబుతాయి. టోవా కంపెనీ మెగాఫోన్ ఈఆర్-1215 కాగితంలో రేటెడ్ 15 వాట్లు, గరిష్ఠం 23 వాట్లు అని ఉంటుంది. అదే కంపెనీ చిన్న మోడల్ ఈఆర్-520కి 6, 10. (1954లోనే విద్యుత్ మెగాఫోన్ అమ్మకానికి తెచ్చిన జపాన్ సంస్థ ఇది.) ‘50 వాట్స్’ అని ఒక్క అంకె మాత్రమే వేసి, అది రేటెడా గరిష్ఠమా చెప్పని పేరులేని సరుకును నమ్మాల్సిన పనిలేదు. ఆరు పెన్సిల్ సెల్లతో నికరంగా 50 వాట్లు రావు.

వచ్చినా లాభం తక్కువే. వాట్లు రెట్టింపు చేస్తే ధ్వని పెరిగేది 3 డెసిబెల్ (శబ్ద తీవ్రత కొలత). దూరం రెట్టింపైతే తగ్గేది 6 డెసిబెల్. అంటే వినిపించే దూరం రెట్టింపు కావాలంటే వాట్లు నాలుగింతలు కావాలి. గేటు ముందు లెక్క వేసి చూడండి. మంచి 15 వాట్ల హారన్ మీటరు దూరంలో సుమారు 118 డెసిబెల్ ఇస్తుందనుకుందాం. పది మీటర్లలో అది 98, ముప్పై మీటర్లలో 88. రద్దీ రోడ్డు పక్కన రొద 75 డెసిబెల్ దాకా ఉంటుంది. మాట స్పష్టంగా అర్థం కావాలంటే ఆ రొద కంటే పది, పదిహేను డెసిబెల్ పైన ఉండాలి. కాబట్టి ఆ హారన్ నిజంగా పనిచేసేది ముప్పై, ముప్పై అయిదు మీటర్ల వరకే. ఆపైన శబ్దం వినపడుతుంది గానీ ఏం చెబుతున్నారో తెలియదు. వందల మీటర్ల మాట ఎక్కడిదంటే, నిశ్శబ్దంగా ఉన్న ఖాళీ మైదానంలో లెక్కగట్టినది. 30 వాట్లది కొన్నా ఈ ముప్పై అయిదు యాభై దాకా వెళ్తుంది, అంతే.

అందుకని దూరం కావాలంటే ఎక్కడ నిలబడాలో చూసుకోవడమే చవకైన మార్గం. హారన్ ధ్వనిని ఎదురుగా కోణంలో విసురుతుంది. పక్కకి వెళ్లేకొద్దీ ముందు పోయేది హల్లుల స్పష్టత. వెనక ఉన్నవాళ్లకి వినపడేది గొణుగుడు. ఒకే మెగాఫోన్‌తో గుంపు మధ్యలో నిలబడి మాట్లాడితే సగం మందికి వీపు చూపించినట్టే. గుంపు అంచుకి వెళ్లి, అందరూ ఒకవైపే ఉండేలా నిలబడండి. ఒక మెట్టో, బల్లో ఎక్కి హారన్‌ను వెనక వరస తలల ఎత్తుకు కొద్దిగా వంచండి. తలల మీదుగా వెళ్లే మాటను ముందు వరస శరీరాలు పీల్చేయవు. ఎదురుగాలి ఉంటే ధ్వని పైకి వంగిపోతుంది కాబట్టి గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా చూసుకోండి. ఎదురుగా యాభై మీటర్లలో ఫ్యాక్టరీ గోడ ఉంటే మీ మాట మూడోవంతు సెకను లోపు తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. అలాంటి చోట వాక్యాలు పొట్టిగా ఉండాలి, మధ్యలో ఆగాలి.

సెల్ల దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. మెగాఫోన్ ఒకసారి కొంటారు, సెల్లు మాత్రం సమ్మె నడిచినన్నాళ్లూ కొంటూనే ఉండాలి. హాలీవుడ్ రచయితల సమ్మె 2023లో మే 2 నుంచి సెప్టెంబరు 27 దాకా 148 రోజులు సాగింది. అంత కాలం వాడిపారేసే సెల్లు కొంటూ పోతే సెల్ల ఖర్చే మెగాఫోన్ ధరను దాటిపోతుంది. కాబట్టి బహుమతి ఇచ్చేవాళ్లు మెగాఫోన్‌తో పాటు ఛార్జింగ్ సెల్లు రెండు సెట్లు, ఛార్జరు ఒకటి కలిపి ఇస్తేనే అది పూర్తి బహుమతి. ఒక సెట్టు లోపల, ఒక సెట్టు ఛార్జింగ్‌లో.

చవక రకం జింక్ కార్బన్ సెల్లు అసలు వద్దు. గట్టిగా మాట్లాడినప్పుడల్లా మెగాఫోన్ ఆంపియర్ల కొద్దీ కరెంటు లాగుతుంది, దానికి వాటి వోల్టేజీ కుప్పకూలుతుంది. మాట ముక్కలవుతుంది, జనం మెగాఫోన్ పాడైందనుకుంటారు. ఆల్కలైన్ సెల్లు బాగా పనిచేస్తాయి. ఛార్జింగ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఒక్కొక్కటి 1.5కి బదులు 1.2 వోల్టులే ఇస్తాయి. ఆరింటికి 9 బదులు 7.2. కాగితం మీద ఇది 2 డెసిబెల్ నష్టం. ఆచరణలో అంత కూడా ఉండదు, ఎందుకంటే కరెంటు గట్టిగా లాగగానే ఆల్కలైన్ వోల్టేజీ కూడా త్వరగానే ఆ దరికి దిగుతుంది. కొనేటప్పుడు ఒక మోసం గమనించండి. సి సైజు అని అమ్మే కొన్ని ఛార్జింగ్ సెల్లలో లోపల ఉండేది పెన్సిల్ సెల్లే, చుట్టూ ఖాళీ డొప్ప. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. మీద చూస్తే 2,000 చిల్లర మిల్లీ ఆంపియర్ అవర్ (సెల్లులో పట్టే ఛార్జ్ కొలత) అని ఉంటుంది. నిజమైన సి సైజుది 4,000 పైనే ఉంటుంది.

లోపలే లిథియం బ్యాటరీ బిగించి, యూఎస్‌బీ తీగతో ఛార్జ్ చేసే మెగాఫోన్లు ఇప్పుడు బాగా వస్తున్నాయి. తేలిక, శబ్దం కూడా బాగుంటుంది. పికెట్‌కి అయితే వీటి విషయంలో ఒకే ఒక్క ప్రశ్న: ఛార్జ్ అయిపోయాక ఏంటి? బ్యాటరీ ఊడదీసి ఇంకోటి వేసే వీలు లేకపోతే మధ్యాహ్నానికి అది ప్లాస్టిక్ ముక్క. వీలుంటే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. సాధారణ సెల్లు కూడా పట్టే మోడల్ అయితే మరీ మంచిది, ఏ కొట్లోనైనా దొరుకుతాయి.

ఎలాంటి సెల్లు వాడినా పాతవి, కొత్తవి కలపకూడదు. బలహీనమైన సెల్లును మిగతావి వెనక్కి తోస్తాయి, అది లీకవుతుంది. తెల్లటి పొడి కనిపిస్తే అది క్షారం. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి తుడిచి, ఆరాక స్పిరిట్‌తో ఇంకోసారి తుడిస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. స్ప్రింగు తినేసి ఉంటే లాభం లేదు.

సైరన్ గురించి రెండు మాటలు. వాడకండి. మాటలో మధ్య మధ్య ఖాళీలుంటాయి కాబట్టి కాయిల్ (స్పీకరు లోపలి తీగచుట్ట) చల్లబడుతుంది. సైరన్ ఎడతెగని పూర్తి శక్తి, అందుకే చవక మెగాఫోన్లలో కాయిల్ కాలిపోయేది సైరన్‌తోనే. సెల్లను కూడా అదే తాగేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, చెవులు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలు. హారన్‌కి అయిదు మీటర్ల ముందు నిలబడ్డవాళ్లు సుమారు 104 దగ్గర ఉన్నారు, అంటే ఎడతెరిపి లేని శబ్దమైతే ఆరు నిమిషాలే. రోజూ ముందు వరసలో నిలబడేది ఒకే మనుషులు. నురుగు ఇయర్ ప్లగ్గుల డబ్బా ఒకటి మెగాఫోన్ సంచిలో వేసి ఇవ్వండి, పిల్లల్ని హారన్ ఎదుట నిలబెట్టనివ్వకండి.

నినాదాలు రికార్డు చేసుకుని తిప్పి తిప్పి వినిపించే సౌకర్యం, బ్లూటూత్‌లో పాటలు వేసే సౌకర్యం కూడా దండగే. యంత్రం నినాదమిస్తే జనం రెండు సార్లు పలుకుతారు, మూడోసారి కబుర్లలో పడతారు. ఎదురుగా ఉన్న మనిషి గొంతు బొంగురుపోయినా పలుకుతారు.

మాట్లాడే పద్ధతి తెలియక మంచి మెగాఫోన్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది. మైకుకి పెదాలు రెండు, మూడు సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కగా ఉంచాలి. సూటిగా పెడితే ‘ఫ’, ‘భ’, ‘ధ’ లాంటి ఒత్తులు ఫట్‌మని పేలతాయి. అరవకూడదు. అరుపుని యాంప్లిఫయర్ పట్టుకోలేక చితకొడుతుంది. మామూలు కంటే కాస్త గట్టి గొంతుతో, నెమ్మదిగా మాట్లాడి, మిగతాది యంత్రానికి వదిలేయాలి. కీచుమని ఊళ వస్తే అందరూ చేసే పని మైకుని నోటికి దూరం జరపడం, దాంతో ఊళ ఇంకా పెరుగుతుంది. వాల్యూమ్ కాస్త తగ్గించి, మైకుని నోటికి దగ్గర చేయాలి. భుజం రకంలో హారన్ ముందుకు, మైకు వెనక్కు ఉండాలి. మైకు హారన్ కంటే ముందుకొచ్చిందంటే ఊళ ఖాయం.

నినాదాల్లో మెగాఫోన్ మొదటి సగానికే వాడాలి. ‘కార్మికుల ఐక్యత’ వరకు మైకులో, ‘వర్ధిల్లాలి’ జనం గొంతులో. ఆ రెండో సగం కూడా మైకులోనే చెప్పేసే ఉత్సాహవంతులు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. అలా చేస్తే జనానికి పలకాల్సిన అవసరమే కనిపించదు. ఉపన్యాసాలు కూడా పొట్టిగానే ఉండాలి, మెగాఫోన్ గొంతు అయిదు నిమిషాలు దాటితే చెవికి భారం. 2023 సెప్టెంబరు 26న మిషిగన్‌లోని బెల్‌విల్ దగ్గర కార్ల కంపెనీ కార్మికుల పికెట్‌కి వచ్చిన అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ మెగాఫోన్‌లో మాట్లాడింది రెండు నిమిషాల లోపే. పదవిలో ఉండగా పికెట్ లైన్‌కి వచ్చిన తొలి అమెరికా అధ్యక్షుడు ఆయనే. ఆ సందర్భం రాజకీయం ఎలా ఉన్నా, మెగాఫోన్ మోతాదు మాత్రం సరిగ్గా అంతే.

పాడయ్యే చోట్లు ముందే తెలిసినవే, కొనేటప్పుడే చూసుకోవచ్చు. చుట్టల తీగ మైకులోకి వెళ్లే చోట రబ్బరు గొట్టం మందంగా ఉందా? తీగ తెగేది అక్కడే. తీగ ప్లగ్గుతో ఊడొచ్చే రకమైతే కొత్త తీగ వేసుకోవచ్చు, లోపల టంకం వేసినదైతే విప్పాల్సి వస్తుంది. మీట నొక్కి ఉంచకుండా మాట్లాడేలా లాక్ ఉందా? లేకపోతే అరగంటకి బొటనవేలు పోతుంది, ఆ తర్వాత స్విచ్ పోతుంది. సెల్ల మూత గొళ్లెం పలచగా ఉంటే రెండుసార్లు కిందపడేసరికి విరుగుతుంది, అప్పుడిక టేపే దిక్కు. వానలో వాడాల్సి వస్తే ఐపీ65 అని రాసి ఉన్నది చూడండి. దుమ్ము వెళ్లదు, నీటి ధారకు తట్టుకుంటుంది. ఆ రేటింగ్ లేనిదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాడొచ్చు, కానీ హారన్ మూతిని కప్పకూడదు, పని అయ్యాక సంచిలోనే వదిలేయకూడదు. చెమ్మ లోపలే ఉండి కాంటాక్టులు తుప్పు పడతాయి. చాలామంది నోళ్లు తగిలే వస్తువు కాబట్టి మైకు మీద నురుగు తొడుగులు నాలుగైదు అదనంగా పెట్టండి, మార్చి ఉతుక్కుంటారు.

ఒక్కటే కొనండి. ఆ శిబిరంలో ఇప్పటికే ఒకటుంటే కొనకండి. గ్యాలప్ సర్వే ప్రకారం 2024లో అమెరికన్లలో 70 శాతం మంది యూనియన్లను సమర్థించారు, అదే ఏడాది అక్కడి ఉద్యోగుల్లో యూనియన్ సభ్యులు 10 శాతం లోపే. సభ్యుల కంటే మద్దతుదారులు ఇన్ని రెట్లున్నప్పుడు ప్రతివాళ్లూ సొంత మెగాఫోన్‌తో దిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పక్కపక్కన రెండు మెగాఫోన్లు మాట్లాడితే రెండూ అర్థం కావు. సెల్లు, తొడుగులు, తీగ లాంటివి అడిగి ఇస్తే అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇచ్చాక మైకు మీ చేతిలో ఉంచుకోకండి. పికెట్ బాధ్యులకి ఇచ్చేయండి, ఎవరు మాట్లాడాలో వాళ్లే చూసుకుంటారు. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు. పనిలోకి వెళ్తున్న ఒక మనిషిని పేరుపెట్టి తిట్టినా, బెదిరింపులా వినిపించే మాట జారినా, అన్నది బయటి మద్దతుదారే అయినా, వీడియో మాత్రం యాజమాన్యం లాయరు దగ్గరికి వెళ్తుంది. పికెట్ మీద కోర్టు ఆంక్షలు అడిగేటప్పుడు చూపించేది అలాంటివే. ధ్వని పెంచే పరికరాలకు అనుమతి కావాలా, ఏ వేళల్లో వాడకూడదు అన్నది ఊరూరికీ మారుతుంది, అది కూడా యూనియన్ లాయర్నే అడగాలి. ఆసుపత్రి ముందు సమ్మె అయితే రోగుల కిటికీల వైపు హారన్ తిప్పకూడదని వేరే చెప్పక్కర్లేదు.

అనుమతి రాకపోతే పని ఆగిపోదు. 2011లో న్యూయార్క్‌లోని జుకోటి పార్కులో ఆర్థిక అసమానతల మీద నిరసనకు దిగిన ఆక్యుపై ఉద్యమకారులకు మైకులు పెట్టే అనుమతి లేదు. మాట్లాడే మనిషి నాలుగైదు పదాలు చెప్పి ఆగితే, దగ్గరున్నవాళ్లు అవే పదాలు ఒక్కసారిగా బిగ్గరగా చెప్పేవాళ్లు, వెనకవాళ్లకి అలా అందేది. గుంపు పెద్దదైతే రెండు, మూడు అంచెలు. నెమ్మదిగా సాగుతుంది, కానీ సెల్లు అక్కర్లేదు, వానకి పాడవదు. మెగాఫోన్ చేతికొచ్చిన మొదటి రోజే ఈ పద్ధతిని ఒకసారి సాధన చేయించి ఉంచితే, సెల్లు అయిపోయిన మధ్యాహ్నం సభ మధ్యలో ఆగదు.

రాత్రి సంచి సర్దేటప్పుడు సెల్లు బయటికి తీసి, సెట్లు కలిసిపోకుండా రబ్బరు బ్యాండు వేసి, ఏ సెట్టు ఛార్జ్ అయిందో చీటీ అంటించండి. మర్నాడు తెల్లవారుజామున షిఫ్టు మారే వేళకి వచ్చేవాళ్లకి ఆ చీటీ చాలా పనికొస్తుంది.